మా అమ్మ పేరు మీ రిజిస్టర్లోనే ఉంది

కాగితాలుంటే చూపించండి, భయమెందుకు అంటారు మిత్రులు. ద్వేషంతో అనరు. సభల్లో మా పక్కన కూచునేవాళ్ళు అంటారు. మొహర్రం నెలలో రొట్టెల పండక్కి నెల్లూరు స్వర్ణాల చెరువులో మాతోపాటు నీళ్ళల్లోకి దిగి రొట్టె అందుకునేవాళ్ళు అంటారు. కసుమూరు దర్గాలో మొక్కుకుని కొడుక్కి మస్తాన్ అని, మస్తానయ్య అని పేరు పెట్టుకున్నవాళ్ళు కూడా అంటారు. అందుకే ఈ మాటలు వాళ్ళకే చెప్పాలనుకున్నాం. మమ్మల్ని పాకిస్తాన్ పొమ్మనేవాళ్ళతో మాకు వాదన లేదు. వాళ్ళకి కావలసింది కాగితం కాదని వాళ్ళకీ తెలుసు, మాకూ తెలుసు. మా పేచీ మీతోనే.

ఏ కాగితం? ఎవరి కాగితం? ముందు అది తేల్చండి.

ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. ఆ రోజుల్లో మమ్మల్ని అడిగేది దేశభక్తికి రుజువు. క్రికెట్ మ్యాచి ఉన్న రోజున అడిగేవాళ్ళు, ఎక్కడన్నా అల్లర్లయిన మర్నాడు అడిగేవాళ్ళు. అలాంటిదానికి రుజువేముంటుంది? కాబట్టి మేం కనీసం కోపమన్నా తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు అడుగుతున్నది అమ్మకీ అబ్బాకీ రుజువు. కోపం తెచ్చుకునే వీలు కూడా లేదు. అడిగేది చట్టం. కుర్చీ చూపించి, ఫారం చేతికిచ్చి, మర్యాదగా అడుగుతుంది.

ఆ చట్టం ఎలా నడిచి వచ్చిందో చాలామందికి తెలియదు. చదువుకున్నవాళ్ళకీ తెలియదు. రాజ్యాంగంలోని పౌరసత్వం అధికరణలు 1949 నవంబరు 26నే అమల్లోకి వచ్చాయి. ఈ దేశంలో స్థిర నివాసం ఉన్న మనిషి ఇక్కడ పుట్టినా, తల్లిదండ్రుల్లో ఒకరు ఇక్కడ పుట్టినా, అదీ లేకపోతే అంతకుముందు అయిదేళ్ళుగా ఇక్కడ ఉంటున్నా పౌరుడే అన్నది అయిదో అధికరణ. ఎంత విశాలంగా ఉందో చూడండి. అప్పటికి దేశం రెండు ముక్కలై రెండేళ్ళయింది, ఇంకా రక్తం ఆరలేదు. అయినా అంత మాట అనగలిగారు. 1955 చట్టం ఇంకా సూటిగా చెప్పింది. 1950 జనవరి 26 తర్వాత ఇక్కడ పుట్టినవాళ్ళు ఇక్కడి పౌరులు. రాయబారుల బిడ్డల్లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప, అమ్మెవరు అబ్బెవరు అనలేదు.

1985లో అస్సాం ఒప్పందం అయింది. శ్రీలంక నుంచి కాందిశీకులు వస్తున్నారు. 1986లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. 1987 జూలై 1 నుంచి ఇక్కడ పుడితే చాలదు, తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి అదీ చాలదు. ఇద్దరూ పౌరులన్నా కావాలి, లేదంటే ఒకరు పౌరులై, రెండోవారు 'అక్రమ వలసదారు' కాకుండానన్నా ఉండాలి. అక్రమ వలసదారు అనగానే రాత్రిపూట కంచె దాటినవాడు గుర్తొస్తాడు మీకు. చట్టంలో అర్థం వేరు. సరైన పాస్‌పోర్టుతో, సరైన వీసాతో, పట్టపగలు రైలు దిగి, గడువు దాటాక ఉండిపోయిన మనిషి కూడా అక్రమ వలసదారే.

ఈ గీతలు ఎంత సన్నటివో ఒక ఉదాహరణ చెప్తాం, అందులో ముస్లిములెవరూ లేరు. తమిళనాడు మండపం కాందిశీకుల శిబిరంలో 1986 ఏప్రిల్లో ఒక ఆడపిల్ల పుట్టింది. అమ్మానాన్నలు శ్రీలంక నుంచి వచ్చినవాళ్ళు. 2022లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి, ఈమె పుట్టుకతో భారత పౌరురాలు, పాస్‌పోర్టు ఇవ్వండి అంది. పుట్టిన తేదీ ఒక్కటే ఆమెకి అక్కరకొచ్చింది. అదే శిబిరంలో, అలాంటి తల్లిదండ్రులకే, మరో పదిహేను నెలలు ఆలస్యంగా పుట్టిన బిడ్డ పరాయిది. మట్టి అదే, ఉప్పునీళ్ళు అవే. క్యాలెండరు మారింది.

ఇప్పుడొక ఇల్లు అనుకుందాం. అల్లూరులో అనుకుందాం, మేం ఎరిగిన ఊరు గనుక. ఇటు బిట్రగుంట స్టేషను, అటు ఇసకపల్లి సముద్రం, మధ్యలో వరి మళ్ళు, రొయ్యల గుంటలు. ఆ ఇంటి అబ్బా 1962లో ఇంట్లోనే మంత్రసాని చేతుల్లో పుట్టాడు. జననం రాయించారో లేదో చెప్పగలిగిన దాదా లేడు. కరణాలూ మునసబులూ 1984లో పోయారు. వాళ్ళ దప్తరాల్లో ఏవి మండలాఫీసుకి చేరాయో, ఏవి చెదలకి చేరాయో పైవాడికెరుక. బళ్ళో ఇచ్చిన సర్టిఫికెట్టు 1989 నవంబరులో కావలి తుఫానుకి ఇంటి కప్పుతోపాటు ఎగిరిపోయింది. ఇందులో తురక కథేమీ లేదు. ఆ పక్క వీధి రెడ్డిగారింట్లోనూ ఇదే కథ, పట్టపుపాలెంలోనూ ఇదే కథ, యానాదుల గుడిసెల్లో ఇంతకన్నా ఘోరమైన కథ. వాళ్ళనెవరూ అడగలేదు, అంతే.

అమ్మీ కరాచీలో పుట్టింది. అబ్బాకి సొంత చిన్నాన్న కూతురు. ముక్కున వేలేసుకోకండి, మాలో ఆ వరస కలుస్తుంది. దేశం చీలినప్పుడు తమ్ముడు వెళ్ళిపోయాడు, అన్న ఉండిపోయాడు. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళు పిల్లల పెళ్ళితో మళ్ళీ ఒకటవుదామనుకున్నారు. 1990లో నికా. పాకిస్తాన్ పాస్‌పోర్టు, మన వీసా. నెల్లూరులో జిల్లా ఎస్పీ ఆఫీసులో నమోదు, జిల్లాలో విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారి ఆయనే గనుక. దీర్ఘకాల వీసా, దానికి పొడిగింపులు, ఉన్న ఊరు వదిలి వెళ్ళాలంటే అనుమతులు. తొమ్మిదేళ్ళు అమ్మీ మైకా మొహం చూడలేదు, వెళ్తే తిరిగి రానిస్తారో లేదోనని. చివరికి కలెక్టరుకి దరఖాస్తు పెట్టుకుంది. పోలీసు విచారణ అయింది. ఫైలు హైదరాబాదు వెళ్ళింది, ఢిల్లీ వెళ్ళింది. పాత పౌరసత్వం వదులుకుంది. భారత రాజ్యాంగానికి విధేయురాలినై ఉంటానని ప్రమాణం చేసి సంతకం పెట్టింది. 1999లో రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు చేతికొచ్చింది.

ఇదొక వింత. ఈ దేశంలో కోట్లాది మందిమి ఊరికే పుట్టి పౌరులమయ్యాం. అమ్మీ అడిగి, నిరూపించుకుని, ప్రమాణం చేసి అయింది. ఆ ఇంట్లో, ఆమాటకొస్తే ఆ వీధి మొత్తంలో, నేను భారత పౌరురాలిని అని ప్రభుత్వం చేత సంతకం పెట్టించుకున్న మనిషి అమ్మీ ఒక్కతే. అబ్బా దగ్గర అలాంటిది లేదు. రెడ్డిగారి దగ్గర లేదు. మీ దగ్గరా లేదు. కానీ అనుమానమంతా అమ్మీ మీదే, అమ్మీ కన్న పిల్లల మీదే.

పెద్దమ్మాయి 1995లో పుట్టింది. అప్పటికి అమ్మీ ఇంకా విదేశీయురాలే. అయినా అబ్బా ఒక్కడు పౌరుడైతే చాలు, పిల్ల పుట్టుకతో పౌరురాలు. అమ్మీ సంగతి చట్టానికి అక్కర్లేదు. మరి పాస్‌పోర్టు విచారణకి వచ్చిన కానిస్టేబులు మొదట అడిగేదేమిటి? "మీ అమ్మది ఏ ఊరు?" చట్టం అడగని ప్రశ్నని వీధి అడుగుతుంది, వీధి అడిగిన ప్రశ్న ఫైల్లోకి ఎక్కుతుంది.

చిన్నవాడు 2006లో పుట్టాడు. వాడికి ఇద్దరి రుజువులూ కావాలి. అబ్బాది తుఫానుకి పోయింది. అమ్మీ సర్టిఫికెట్టు 2015 నవంబరు వానలకి ట్రంకుపెట్టెలో తడిసి ముద్దయింది. నకలు ఇమ్మంటే నెంబరు చెప్పమంటారు. నెంబరు ఆ ముద్దలో ఉంది.

ఆ సర్టిఫికెట్టు రాసిందెవరు? అమ్మీ కాదు. విచారణ చేసింది సర్కారు, ప్రమాణం చేయించింది సర్కారు, నెంబరు వేసింది సర్కారు, ముద్ర కొట్టింది సర్కారు. ఎవరెవరికి ఇచ్చిందీ రాసిపెట్టుకునే రిజిస్టరూ సర్కారుదే. అమ్మీకి ఇచ్చింది ఒక్క కాగితం. అసలు లెక్క మొత్తం దాని దగ్గరే ఉంది. అప్పు తీర్చేసినవాడి ఇంటికి షావుకారు మళ్ళీ వచ్చి, చీటీ చూపించు, లేకపోతే అప్పు తీరనట్టే అంటే మీరేమంటారు? నీ చిట్టా తియ్యవయ్యా అంటారు. మేమూ అదే అంటున్నాం. చిట్టా తియ్యండి.

ఇంతకన్నా మెత్తగా కోసే సంగతి ఇంకొకటుంది. అమ్మీ అసలు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టలేదనుకోండి, దీర్ఘకాల వీసా మీదే ఉండిపోయిందనుకోండి. 2006లో పుట్టిన పిల్లవాడికి అప్పుడు కావలసిందేమిటి? వాడు పుట్టిన రోజున అమ్మీ వీసా బతికి ఉందన్న రుజువు. పొడిగింపుకి దరఖాస్తు మార్చిలో ఇచ్చారు, పాత గడువు ఏప్రిల్లో అయిపోయింది, కొత్త ముద్ర ఆగస్టులో పడింది. ఆలస్యం ఎవరిది? ఆఫీసుది. ఆ నాలుగు నెలల మధ్యలో, జూన్లో బిడ్డ పుడితే? ఆ బిడ్డ తల్లి పుట్టిన క్షణాన పొడిగింపు కోసం ఎదురుచూస్తున్న ఇల్లాలా, అక్రమ వలసదారా? ఒక గుమాస్తా బల్లమీద ఫైలు ఎన్నాళ్ళు పడుకుంది అన్నదాన్ని బట్టి ఒక మనిషికి దేశం ఉందో లేదో తేలుతుంది. దీన్ని మీరు చట్టం అంటారు. సరే, అనండి. భయమెందుకు అని మాత్రం అడక్కండి.

పేర్ల సంగతి చెప్పాలి. మాలో ఉర్దూ చదవను రాయను వచ్చినవాళ్ళం, ఇటు తెలుగు పత్రికల్లో పనిచేసినవాళ్ళం కొందరం ఉన్నాం. మా దగ్గరికి నికానామాలు పట్టుకొస్తారు, తర్జుమా చేసి పెట్టండి భాయ్, ఆఫీసులో అడిగారు అని. ఆ పసుపుపచ్చ కాగితాల మీద తారీఖులు హిజ్రీలో ఉంటాయి. నెలవంక కరాచీలో కనపడిన రోజు వేరు, నెల్లూరులో కనపడిన రోజు వేరు. హిజ్రీని ఇంగ్లీషు తేదీలోకి మారిస్తే ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. ఆ ఒక్క రోజు తేడాకి దరఖాస్తు తిరిగొస్తుంది. ఇక పేరు. ఆంధ్రా బడుల్లో షేక్ అన్నది ఎస్.కె. అవుతుంది, సయ్యద్ ఎస్.డి. అవుతుంది, మహమ్మద్ ఎం.డి. అవుతుంది. రేషన్ కార్డులో షేక్ ఇంటిపేరై ముందుకొస్తుంది, పాస్‌పోర్టులో వెనక్కి పోతుంది. ఇంగ్లీషులో ఎస్-హెచ్-ఏ-ఐ-కె ఒకచోట, ఎస్-కె-ఏ-ఐ-కె అని రాసిన మహానుభావుడు ఇంకోచోట. ఖాదర్లో ఖా ఒత్తు పోతే కాదర్, ఉర్దూలో అది ఖాఫ్‌తో మొదలయ్యే ఖాదిర్. ఆడవాళ్ళ సంగతి ఇంకా దారుణం. కరాచీ పాస్‌పోర్టులో సుల్తానా, పెళ్ళయ్యాక ఓటర్ల జాబితాలో బేగం, ఆస్పత్రి పుస్తకంలో నర్సమ్మ చెవికి వినపడినట్టు బీబీ, కొడుకు బడి రిజిస్టర్లో మేస్టరుగారి ఇష్టప్రకారం సుల్తానమ్మ. నలుగురు ఆడవాళ్ళు. ఒకే అమ్మీ.

ఈ రాతల్లో మా చెయ్యి ఎక్కడుంది? రాసినవాళ్ళంతా సర్కారు మనుషులే. వాళ్ళ చేతిరాత తేడాలకి మేం నోటరీ దగ్గర అఫిడవిట్లు చేయిస్తాం, ఈ నలుగురూ ఒకరే అని.

2024 జూలైలో సుప్రీంకోర్టు అస్సాం కేసు ఒకదానిలో ఈ మాటే అంది. ఎవరో ఒకరిని పట్టుకుని నువ్వు విదేశీయుడివి, కాదని నిరూపించుకో అనడం కుదరదు, ముందు సర్కారు దగ్గర ఆధారం ఉండాలి, ఆ ఆధారం అతనికి ఇవ్వాలి అంది. పేర్ల స్పెల్లింగు తేడాలూ తేదీల తేడాలూ మామూలేనంది. తీర్పు బాగుంది. వినడానికి ఆ మనిషి లేడు, 2021లోనే పోయాడు. తీర్పుకి పన్నెండేళ్ళ కింద ట్రిబ్యునల్ అతన్ని విదేశీయుడంది. 1946 విదేశీయుల చట్టం నిరూపణ భారాన్ని మనిషి నెత్తినే పెట్టింది. 2025లో దాన్ని తీసేసి కొత్త చట్టం తెచ్చారు. ఆ భారం మాత్రం నెత్తిన అలాగే ఉంచారు.

పాస్‌పోర్టు ఉంటే సరిపోదా అంటారు. మీకు తెలియని ఒక తమాషా చెప్తాం. పౌరసత్వ నిబంధనల్లో ఒకటుంది. భారత పౌరుడు వేరే దేశం పాస్‌పోర్టు తీసుకుంటే, ఆ దేశపు పౌరసత్వం ఇష్టపూర్వకంగా తీసుకున్నాడనడానికి అది తిరుగులేని రుజువు. 1962లో సుప్రీంకోర్టు ఈ నిబంధన చెల్లుతుందంది. అంటే పాకిస్తాన్ పాస్‌పోర్టు తిరుగులేని రుజువు. మరి భారత పాస్‌పోర్టు? 2019 డిసెంబరులో ఢిల్లీ అధికారులు చెప్పారు, ఆధార్ గానీ ఓటరు కార్డు గానీ పాస్‌పోర్టు గానీ పౌరసత్వానికి రుజువు కావని. 2025 ఆగస్టులో బొంబాయి హైకోర్టు కూడా ఆధార్, పాన్, ఓటరు కార్డు ఉన్నంత మాత్రాన పౌరుడు కాడంది. పక్క దేశం వాళ్ళ ముద్ర మీద ఉన్న నమ్మకం మన ముద్ర మీద మనకి లేదు.

ఆ పాత రోజుల్లో మన రాష్ట్రం నుంచే రెండు కేసులు వెళ్ళాయి. 1961లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అబ్దుల్ ఖాదర్ మీద, 1962లో సయ్యద్ మహమ్మద్ ఖాన్ మీద. పాకిస్తాన్ వెళ్ళి అక్కడి పాస్‌పోర్టుతో తిరిగొచ్చినవాళ్ళు. రెండిట్లోనూ సుప్రీంకోర్టులో రాష్ట్ర ప్రభుత్వమే ఓడిపోయింది. పౌరసత్వం పోయిందో లేదో తేల్చాల్సింది కేంద్రం, అది తేల్చకుండా మనిషిని పరాయివాడని పంపెయ్యడం కుదరదు అంది కోర్టు. అరవై ఏళ్ళు దాటింది. విచారణ ముందు, నోటీసు తర్వాత అన్న వరస మనవాళ్ళకింకా అలవాటు కాలేదు. 2020 ఫిబ్రవరిలో హైదరాబాదులో ఆధార్ సంస్థ ప్రాంతీయ కార్యాలయం 127 మందికి నోటీసులిచ్చింది, అసలు కాగితాలు తెచ్చి పౌరసత్వం నిరూపించుకోండి అని. గోల అయ్యాక, ఆధార్‌కీ పౌరసత్వానికీ సంబంధం లేదు అని అదే సంస్థ చెప్పింది. సంబంధం లేనప్పుడు అడిగిందెందుకు?

2025 ఏప్రిల్లో పహల్గాంలో ఆ ఘాతుకం జరిగింది. ఆ హంతకుల్ని మేం మనుషులుగా లెక్కెయ్యం. ఆ తర్వాత పాకిస్తానీల వీసాలు రద్దయ్యాయి. అట్టారీ గేటు దగ్గర తల్లి పాస్‌పోర్టు ఒక రంగు, బిడ్డ పాస్‌పోర్టు ఇంకో రంగు అయినందుకు ఎందరు విడిపోయారో పేపర్లలో చూశారు. అప్పుడే కాశ్మీరు కుటుంబం ఒకటి సుప్రీంకోర్టుకెక్కింది. ఆరుగురు. చేతుల్లో భారత పాస్‌పోర్టులు, ఆధార్ కార్డులు. కొడుకు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. తండ్రి 1987లో అటువైపు నుంచి వచ్చి, ఆ పాస్‌పోర్టు అప్పగించి, ఇక్కడి పౌరుడయ్యాడని వాళ్ళ వాదన. మీ వీసాలు అయిపోయాయి, వెళ్ళిపోండని వాళ్ళకి చెప్పారు. మే 2న కోర్టు, కాగితాలు సరిచూసేదాకా వాళ్ళ జోలికి పోవద్దంది. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత సరిచూడడమా? ఆ పాస్‌పోర్టులు ఇచ్చేటప్పుడు ఎవరు సరిచూశారు?

అయితే కాగితాల విషయంలో మన సర్కారు ఎప్పుడూ ఇంత కచ్చితంగా ఉంటుందనుకోకండి. 2019 సవరణ చూడండి. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబరు 31 లోపల వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్శీలు, క్రైస్తవులు అక్రమ వలసదారులు కారు. వాళ్ళకి సర్టిఫికెట్టు ఇస్తే ఈ దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచే పౌరులయినట్టు. వాళ్ళ మీద కేసులుంటే అవి పోయినట్టు. 2024 మార్చిలో నిబంధనలొచ్చాయి. ఆ దేశాల నుంచి వచ్చామనడానికి తల్లిదండ్రులో, తాతలో, ముత్తాతలో అక్కడివాళ్ళని చూపే ఏ కాగితమైనా సరే. మతానికి స్థానికంగా పేరున్న సంఘం రాసిచ్చిన ఉత్తరం సరే. వాళ్ళంటే మాకు అసూయ లేదు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్ళకి ఇలాగే చెయ్యాలి. అందరికీ ఇలాగే చెయ్యాలి. ఇప్పుడు మన అల్లూరు ఇంటికి రండి. 2006లో రెండిళ్ళల్లో ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇద్దరి తల్లులూ కరాచీ నుంచి వచ్చినవాళ్ళే, ఇద్దరి వీసాలూ గడువు దాటినవే. ఒక తల్లి గతాన్ని చట్టం వెనక్కి వెళ్ళి మరీ కడిగిపెడుతుంది, ఆమె కడిగిన ముత్యమైతే బిడ్డా అంతే. రెండో తల్లి బిడ్డకి ఆ తలుపు లేదు. ఇద్దరికీ తేడా ఏమిటో మీరే చెప్పండి, మాకు చెప్పడానికి సిగ్గేస్తుంది.

ఆ బిల్లుకి పార్లమెంటులో మన రాష్ట్రపు అప్పటి అధికార పక్షం వైఎస్సార్ కాంగ్రెసు ఓటేసింది, అప్పటి ప్రతిపక్షం తెలుగుదేశం ఓటేసింది. మూడు నెలలు తిరక్కుండా, 2020 మార్చిలో అదే ప్రభుత్వం జనాభా రిజిస్టరు ప్రశ్నలు బాగాలేవు, 2010 నాటి ప్రశ్నలే అడగాలంది. కొత్తగా చేర్చిన ప్రశ్నల్లో ఒకటేమిటో తెలుసుగదా? మీ అమ్మానాన్నలు ఎప్పుడు పుట్టారు, ఎక్కడ పుట్టారు.

పోనీ, అమెరికా చూద్దాం. నెల్లూరు జిల్లాలో ఏ ఊరికెళ్ళినా అమెరికాలో కొడుకున్న ఇల్లొకటి ఉంటుంది. అక్కడ 2000లో చేసిన చట్టం ప్రకారం, గ్రీన్ కార్డు మీద తల్లిదండ్రుల దగ్గర ఉంటున్న పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలు, తండ్రో తల్లో పౌరసత్వ ప్రమాణం చేసిన రోజునే తామూ పౌరులైపోతారు. వేరే దరఖాస్తు అక్కర్లేదు. రుజువుకి పాస్‌పోర్టన్నా తీసుకోవచ్చు, పౌరసత్వ సర్టిఫికెట్టన్నా తీసుకోవచ్చు. మన దగ్గర అమ్మీ ప్రమాణం అమ్మీకే. బయట పుట్టిన బిడ్డ వెంట ఉంటే వాడికి వేరే దరఖాస్తు, వేరే ఫైలు.

అదే అమెరికాలో 2025 జనవరిలో ట్రంపు ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళకి అక్కడ పుట్టే పిల్లలు ఇక పుట్టుకతో పౌరులు కారని. హెచ్‌వన్ బీ ఇళ్ళల్లో ఎంత గుండెదడ పుట్టిందో మీకు తెలుసు. గర్భిణులు నెల తక్కువైనా కాన్పు చెయ్యమని డాక్టర్లని అడుగుతున్నారని తెలుగు పత్రికలు రాశాయి. కోర్టులు దాన్ని నిలిపేశాయి, మనవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. మేమూ సంతోషించాం. పుట్టిన గడ్డ హక్కు అంటూ మీరు చేసిన ఉపన్యాసాలు విన్నాం, చప్పట్లు కొట్టాం. ఆ ఉత్తర్వులో ఉన్న సంగతినే మన పార్లమెంటు 1986లో ఒకసారి, 2003లో మరోసారి చట్టం చేసిందని అప్పుడు మీలో ఒక్కరికీ గుర్తురాలేదు. గుర్తురాకపోవడమే మీ సుఖం.

ఇంగ్లండులో 2018లో బయటపడిన విండ్‌రష్ వ్యవహారం కూడా చదివే ఉంటారు. చిన్నప్పుడు అమ్మానాన్నల వెంట కరీబియన్ దీవుల నుంచి వచ్చిన నల్లవాళ్ళు, యాభై ఏళ్ళు పన్నులు కట్టి, ముసలితనంలో కాగితాల్లేక ఉద్యోగాలూ వైద్యమూ పోగొట్టుకున్నారు, కొందరిని పంపించేశారు కూడా. వాళ్ళు ఎప్పుడు ఓడ దిగారో చెప్పే కార్డుల్ని 2010లో హోంశాఖే నాశనం చేసింది. అక్కడ కనీసం ప్రధానమంత్రి క్షమాపణ చెప్పింది.

ఇంకా ఇదంతా మాదే అనుకుంటున్నారా? 2025 జూన్లో బీహార్లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలైంది. పాత జాబితాలో లేనివాళ్ళు 1987కి ముందు పుడితే తమ రుజువు, ఆ తర్వాత పుడితే తల్లిదో తండ్రిదో రుజువు కూడా, 2004 తర్వాత పుడితే ఇద్దరిదీ. పౌరసత్వ చట్టంలో ఉన్న గీతలే. ముసాయిదా జాబితాలో 65 లక్షల పేర్లు లేవు. అక్టోబరులో తమిళనాడుతో సహా పన్నెండు చోట్లకి దాన్ని విస్తరించారు. సూళ్ళూరుపేట దాటితే తమిళనాడే. అల్లూరు మండలంలో గుంటల కాపలా కాసే యానాది, తన తండ్రి ఏ చెట్టుకింద పుట్టాడని రుజువు తెస్తాడు? వేటకెళ్ళి తిరిగిరాని పట్టపు మనిషి బిడ్డ ఎవరి కాగితం చూపిస్తుంది? మమ్మల్ని అడుగుతున్నారు గనుక మేం అలవాటుపడ్డాం. మాలో చదువురాని ముసలమ్మ కూడా రేషన్ కార్డు ప్లాస్టిక్ కవరులో పెట్టి తలగడ కింద దాచుకుంటుంది. మీకా అలవాటు లేదు.

మేం అడిగేది దయ కాదు, మినహాయింపూ కాదు. తల్లికో తండ్రికో పౌరసత్వం ఇచ్చింది ప్రభుత్వమే అయినప్పుడు, బిడ్డ దరఖాస్తు పెడితే ఆ రికార్డు వెతికి జత చెయ్యాల్సింది ప్రభుత్వమే. దొరక్కపోతే ఆ తప్పు బిడ్డ మీద రాయకూడదు. వీసా పొడిగింపు ఆలస్యమైతే దరఖాస్తు ఇచ్చిన రోజు నుంచే అది చెల్లినట్టు లెక్కెయ్యాలి. పేరులో అక్షరం తేడాకి మనిషి తేడా కాకూడదు. 2003 నిబంధనల్లో 'సందేహాస్పద పౌరుడు' అని రాసే అధికారం స్థానిక అధికారికి ఇచ్చారే, ఎవరైనా వచ్చి ఫలానావాడి పేరు మీద అభ్యంతరం ఉందని చెప్పొచ్చన్నారే, అవి తీసెయ్యాలి. మా వీధుల్లో సందేహం పుట్టడానికి గడ్డం చాలు.

సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. జిల్లా కార్యాలయానికి ఫీజు పది రూపాయలు. నెల్లూరు కలెక్టరేటుకి ఒక దరఖాస్తు వెయ్యాలని మేం అనుకుంటున్నాం. 1955 చట్టం వచ్చాక ఈ జిల్లాలో పౌరసత్వ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లు ఎన్ని ఇచ్చారు, ఆ రిజిస్టర్లు ఇప్పుడు ఎక్కడున్నాయి, ఎవరి స్వాధీనంలో ఉన్నాయి, ఎన్ని సంవత్సరాలవి కనపడడం లేదు, నకలుకి ఎవరిని అడగాలి. ఈ అయిదు ప్రశ్నలే. మీ జిల్లాలో మీరూ వెయ్యండి, మీ పేరుతోనే వెయ్యండి. మా పేరుతో వెళ్తే, ఇవన్నీ మీకెందుకు అనే ఉత్తరం ముందు వస్తుంది.